ఇసుకలో పోసిన నీళ్ళు

మొన్నటి చలికాలంలో మా తమ్ముడి మామగారు మనవరాలిని చూడడానికి మళ్ళీ షార్జా వచ్చారు. ఆయన్ని నేను బాబాయిగారూ అని పిలుస్తాను. ఒక మధ్యాహ్నం రోలాలోని మా ఫ్లాట్‌లో అందరం భోజనాలు చేస్తున్నాం. మా నాన్నగారు కూడా ఉన్నారు. బాబాయిగారు పెరుగన్నం కలుపుకుంటూ తనలో తను నవ్వుకుని, "అవునయ్యా, ఎడారిలో నీళ్ళు పారబోసిన ఆ కారవాన్ ఆయన ఎట్టా ఉన్నాడు? నా పరువు కాపాడాడయ్యా మహానుభావుడు," అన్నారు.

"పరువు కాపాడడమేమిటి బావగారూ? మీ అమ్మాయి సీమంతం చెడగొట్టబోయాడు కదా!" అన్నారు నాన్నగారు.

"ఆ ట్యాంకులో పాడు నీళ్ళు పట్టింది నేనే గదా బావగారూ. ఇప్పుడంటే మనం పేకాట దోస్తులం. ఆ రోజు మీ మొహం చూస్తే నాకు నోరు పెగిల్తేనా?"

నాన్నగారి ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఆ మనిషి గురించి ఈ దేశంలోని తెలుగు ఇళ్ళలో చెప్పుకునే కథ నేను పుట్టించిందే. ఇటు రోలా నుంచి అటు అబుదాబి బనియాస్ దాకా ఎన్ని విందుల్లో చెప్పానో, ఎంతమందిని నవ్వించానో! 'ఖాళీ ట్యాంకు గారు' అని పేరు పెట్టింది కూడా నేనే. అందుకే ఇక్కడ ఆయన అసలు పేరు రాయడం లేదు. పేరు చెబితే నవ్వేవాళ్ళు ఇంకా ఉన్నారు. ముందు జరిగింది జరిగినట్టు తెలియాలి.

ఆయనది అమలాపురం దగ్గర. మా పక్క ఫ్లాట్‌లో ఉండేవారు. ఏదో కన్‌స్ట్రక్షన్ కంపెనీ ఆఫీసులో ఉద్యోగం. కోవిడ్ వచ్చి విమానాలు ఆగిపోయి, సెలవుకి ఎవరం ఇంటికి వెళ్ళలేని ఆ ఏడాది, షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక గ్యారేజీ వెనక ఎవరో వదిలేసి వెళ్ళిన పాత కారవాన్ ఆయన కంటబడింది. కారు వెనక తగిలించుకుని లాక్కుపోయే చిన్న ఇల్లు అది. లోపల రెండు మంచాలు, ఒక పొయ్యి, సింకు, మరుగుదొడ్డి ఉంటాయి. అడుగున నీళ్ళ ట్యాంకు, మంచం కింద బ్యాటరీ, ఆ నీళ్ళని కుళాయిలకి ఎక్కించే పిడికెడంత పంపు. ఎండకి గొట్టాలు పెళుసుబారి, వైర్లు పెచ్చులూడి, అది చూడ్డానికి కోళ్ళగూడులా ఉండేది. శుక్రవారాలన్నీ దాని కిందే పడుకుని ఆయన దాన్ని మనుషులు ఎక్కేలా చేశారు.

దాని కింద దూరేటప్పుడు కూడా ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాయే వేసుకునేవారు. ఇదేం పద్ధతండీ అని నేను అడిగితే, "మరకలు కనబడాలి కదండి గురువుగారూ! తుప్పు నీళ్ళు పడ్డాయా, మంచి నీళ్ళు పడ్డాయా, గ్రీజు పడిందా, చొక్కా చెప్పేస్తుందండి. నల్ల చొక్కా వేసుకుంటే అది మనతో అబద్ధాలాడుతుందండి," అనేవారు. వాళ్ళావిడ వెనక నుంచి, "ఆ చొక్కాలు ఉతికేది నేను కదండీ, నన్నడగండి నిజాలు," అనేది.

ఆయన ఎదుట ఏ వస్తువునీ 'పోయింది' అనడానికి వీల్లేదు. లైటు పోయిందండీ అంటే ఊరుకునేవారు కాదు. "పోయిందనకండి. ఎప్పుడు ఆరింది? ఆరే ముందు మీరేం వేశారు? ఠక్కున ఆరిందా, నీరసంగా ఆరిందా?" అని పోలీసు ఎంక్వయిరీ చేసేవారు. ఒకసారి నేను మా ఆవిడ అలిగిందని చెప్పుకుంటే, "దానికి ముందు మీరు ఏ స్విచ్ నొక్కారండి?" అని చాలా సీరియస్‌గా అడిగారు. ఆలోచిస్తే నిజంగానే ఒకటి నొక్కాను.

చలికాలంలో మా నాలుగు కుటుంబాలూ కలిసి ఎడారికి వెళ్ళేవాళ్ళం. ఆడవాళ్ళకి ఆయన కారవాన్ అంటే అవసరమూ, ఒళ్ళుమంటా రెండూ ఉండేవి. అత్తగారింట్లో కూడా ఇన్ని ఆంక్షలు లేవని మా ఆవిడ సణిగేది. గంజి సింకులో వంచకూడదు. అది అడుగున ఉన్న వాడకం నీళ్ళ ట్యాంకులోకి దిగి మైదా జిగురులా గడ్డకడుతుంది. ఒక ఇంటివాళ్ళు అలాగే వంచేస్తే ఆయన తెల్ల చొక్కాతో వెళ్ళి కరివేపాకుతో సహా ఆ గడ్డని బయటికి తీశారు. అది అందరికీ తిప్పి చూపించి మరీ పారేశారు. ఇంకొకామె గ్రైండర్ తెచ్చి దోసెల పిండి రుబ్బబోతే కరెంటు మొత్తం పడిపోయింది. "అమ్మా, ఇది ఫ్యాను తిరగడానికి పెట్టిన కరెంటండి. మీరు రుబ్బురోలు తిప్పుతున్నారు," అన్నారు.

పంపు విషయంలో ఆయనది మరీ విచిత్రం. కుళాయిలన్నీ కట్టేసి, అరచెయ్యి పైకెత్తి, "వినండి," అనేవారు. తెలుగువాళ్ళు ఇరవైమంది ఉన్నచోట నిశ్శబ్దం ఎక్కడ దొరుకుతుంది? అయినా ఎత్తిన చెయ్యి దించేవారు కాదు. అందరూ నోరు మూసుకున్నాక, కుళాయి తిప్పకుండానే పంపు అప్పుడప్పుడూ 'కుర్ర్' అంటే ఎక్కడో నీళ్ళు కారుతున్నట్టు. అనకపోతే క్షేమం. క్షేమమని తేలితే ముఖం కడుక్కుని, తల దువ్వుకుని, "ఇప్పుడు టీ తాగే అర్హత వచ్చిందండి," అని కుర్చీలో కూర్చునేవారు. గొప్పలు చెప్పుకోవడంలో మొహమాటం లేదు. బిగించిన ప్రతి బోల్టుకీ వాట్సాప్‌లో ఫొటో పెట్టేవారు, కింద వాయిస్ మెసేజి. మేం వినకుండానే చప్పట్ల బొమ్మ పెట్టేసేవాళ్ళం.

ఇంకొక నియమం ఉంది. ట్యాంకులో ఎప్పుడు నీళ్ళు నింపినా మొదటి గ్లాసు ఆయనదే. కుళాయి తిప్పి పట్టుకుని, వాసన చూసి, నోట్లో పోసుకుని కాసేపు ఉంచుకుని మింగేవారు. ఆ తర్వాతే మిగతావాళ్ళు ముట్టుకోవాలి.

మా మరదలి సీమంతం నాటికి కోవిడ్ ఇంకా పూర్తిగా పోలేదు. హాల్లో అంతమందిని రానిచ్చేవాళ్ళు కాదు. అందుకని మలీహా దారిలో ఇసుకలో షామియానా వేసి చేద్దామనుకున్నాం. వేడుక పుట్టింటివాళ్ళది కాబట్టి బాబాయిగారు, పిన్నిగారు పల్నాడు నుంచి విజిట్ వీసా మీద వచ్చారు. మా నాన్నగారితో ఆయనకి అప్పటికి పెద్ద చనువు లేదు. పెళ్ళిలో ఏదో పలహారం మాటొచ్చి నాన్నగారు నలుగురిలో ఒక మాట తూలారు, అది ఆయన మనసులో ఉండిపోయింది. ఈ వేడుకలో మాట రానివ్వకూడదని పాపం వంద జాగ్రత్తలు పడుతున్నారు.

ఆ ఉదయం దారిలో ఒక పార్కు దగ్గర ఆగి అందరం కఫ్తీరియాలో కరక్ చాయ్ తాగుతున్నాం. బాబాయిగారు కనబడలేదు. ఎక్కడికెళ్ళారో అప్పుడు మేం పట్టించుకోలేదు. ఆయన మొన్న చెబితే తెలిసింది. పార్కులో చెట్లకి నీళ్ళు పడుతున్న తోటమాలి కనబడ్డాడట. కారవాన్ ఆయనకి సాయం చేసినట్టుంటుందని, సైగలు చేసి ఆ గొట్టం అడిగి తీసుకుని, ట్యాంకు మూత తీసి నిండుగా పట్టేశారట. బండి కడుక్కుంటాడు కాబోలనుకుని ఆ తోటమాలి ఇచ్చాడు. ఈ దేశంలో చెట్లకి పెట్టేవి మురుగు శుద్ధి చేసి వదిలే నీళ్ళు. తాగకూడదని పక్కన బోర్డు మీద గ్లాసు బొమ్మ గీసి అడ్డంగా కొట్టి ఉంటుంది. పల్నాడులో నీటి చుక్క విలువ తెలిసిన మనిషికి, పారుతున్న నీళ్ళు పట్టుకోకుండా వెళ్ళడం పాపం అనిపించింది. బోర్డు చూడలేదు.

ఇసుకలో బండ్లు ఆపాం. ఆడవాళ్ళు చలిమిడి, గాజులు, పూలు సర్దుతున్నారు. కారవాన్ ఆయన అలవాటు ప్రకారం కుళాయి తిప్పి గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకున్నారు. తాగలేదు. ట్యాంకు ముల్లు చూశారు. బరువు తగ్గడానికి సగమే నింపుకొచ్చిన ట్యాంకు నిండుగా చూపిస్తోంది. బయటికి వస్తే బాబాయిగారు ఎదురొచ్చి, చెవి దగ్గర, "నేనే పట్టించానండీ, ఆ పార్కులో. మీకు శ్రమ తగ్గింది గదా," అన్నారట, సంతోషంగా.

సరిగ్గా అప్పుడే మా నాన్నగారు చెంబు పట్టుకుని కాళ్ళు కడుక్కోవడానికి వచ్చారు.

కారవాన్ ఆయన గబుక్కున బండి కిందికి వంగి అడుగున ఉన్న మర తిప్పేశారు. నీళ్ళు దుమికాయి. ఇసుక గుటగుటా తాగేసింది.

"ఏమయ్యా! నీకేమన్నా మతి పోయిందా? ఎడారిలో నీళ్ళు పారబోస్తావా?" నాన్నగారి గొంతు షామియానా దాటి వినబడింది.

"వాసన నచ్చలేదండి."

"నచ్చకపోతే ముక్కు మూసుకో! నిండు చూలాలు, ముసలివాళ్ళు, పిల్లలు. మరుగుదొడ్డిలోకైనా నీళ్ళు వద్దా?"

"నా చాదస్తం లెండి. పాత నీళ్ళు ఉండిపోయినట్టున్నాయి. తప్పు నాదేనండి."

ఆయన వెనక బాబాయిగారు నిలబడి ఉన్నారు. ముఖం ఎందుకు పాలిపోయిందో నేను అడగలేదు. ఎండకి అనుకున్నాను.

నాన్నగారు అందరినీ సర్దుకోమన్నారు. నీళ్ళు లేనిచోట కడుపుతో ఉన్న పిల్లని కూర్చోబెట్టేది లేదు, ఇంటికి పోదాం, సీమంతం లేదు ఏమీ లేదు అన్నారు. మా మరదలు తల దించుకుంది. సగంమంది చుట్టాలు ఇంకా దారిలోనే ఉన్నారు. పిన్నిగారు చలిమిడి పళ్ళెం పట్టుకుని ఎటు పెట్టాలో తెలియక నిలబడ్డారు.

"ముహూర్తం లోపల నీళ్ళొస్తాయండి. రాకపోతే మీరేమన్నా పడతాను," అని ఆయన రోడ్డు వైపు నడిచారు. కనిపెట్టుకుని ఉండమని నాన్నగారు నన్ను వెనక పంపారు.

రోడ్డు మీద మంచినీళ్ళ ట్యాంకర్ ఒకటి వస్తోంది. ఇక్కడ దాన్ని స్వీట్ వాటర్ అంటారు. ఆయన రోడ్డు మధ్యకి వెళ్ళి రెండు చేతులూ చాచి నిలబడ్డారు. బ్రేకు కీచుమంది. డ్రైవర్ తల బయటపెట్టి హిందీలో తిట్టడం మొదలెట్టాడు. ఈయన కంగారులో తెలుగులో బతిమాలారు. డ్రైవర్ ఆగిపోయాడు.

"తెలుగోళ్ళా సార్? యా ఊరు?"

"అమలాపురమండి. తమరిది?"

"రాయచోటి. నేను ఒంటెల కాడికి పోతాండా సార్. నీళ్ళు ల్యాకుంటే మా ఓనరు అర్బాబు నన్ను ఖలాస్ చేస్తాడు."

"సీమంతమండి. కడుపుతో ఉన్న పిల్ల ఎండలో కూర్చుందండి."

డ్రైవర్ నా వైపు, ఆయన చొక్కా వైపు చూశాడు. "ఒంటె ఆగుతాదిలే. దానికి అలవాటే. యల్లా, దావ చూపించండి."

నీళ్ళు వచ్చాయి. ఆయన వాటిలో బ్లీచింగ్ ద్రావకం కలిపి, ఒక్కో కుళాయిలోంచీ ఆ వాసన వచ్చేదాకా వదిలి, కాసేపు అలాగే ఉంచి, మళ్ళీ అడుగున మర తిప్పి మొత్తం వదిలేశారు. నాన్నగారు కుర్చీలోంచి లేచిపోయారు. "మళ్ళీ పారబోస్తున్నాడ్రోయ్!" డ్రైవర్ పులిహోర తింటూ, "పెద్దాయనా, కడగనీ సార్. ట్యాంకర్లో ఇంగా శానా ఉండాయి," అన్నాడు. మరోసారి నింపారు. వంటకీ తాగడానికీ మాత్రం డబ్బా నీళ్ళే వాడాలని అందరికీ చెప్పారు.

అంతా అయ్యాక స్విచ్ నొక్కితే, అప్పటిదాకా తిరిగిన పంపు మూలిగింది. నీళ్ళు రాలేదు.

నాన్నగారు ఈసారి అరవలేదు. గడియారం చూసుకున్నారు. అది ఇంకా భయంగా ఉంది. బ్యాటరీ పోయిందని ఒకరు, పంపు కాలిందని ఒకరు. మా తమ్ముడు కొత్త బ్యాటరీ కోసం కారు తీయబోయాడు.

"ఎవరూ కదలకండి," అన్నారాయన. "పోయిందనకండి. పైన లైటు చూడండి." పంపు స్విచ్ నొక్కారు. లైటు మసకబారింది. వదిలారు. మళ్ళీ వెలిగింది. బ్యాటరీ దగ్గర మీటరు పెడితే పూర్తి బలం చూపించింది. పంపు దగ్గర పెడితే లేదు. "బ్యాటరీలో కరెంటు ఉందండి. వెళ్ళింది తిరిగి రావడానికే దారి లేదు." ఒక పొడుగాటి వైరు తీసుకుని, బ్యాటరీ నెగటివ్ నుంచి సూటిగా పంపుకి తగిలించారు. పంపు గుర్రున తిరిగింది! వెంటనే వైరు పీకేసి నవ్వారు. ఆ నవ్వు నాకిప్పటికీ కనబడుతుంది. దొంగని గుమ్మంలోనే పట్టుకున్నవాడి నవ్వు.

వెల్లకిలా పడుకుని బండి కిందికి జరిగారు. చట్రానికి ఎర్తు వైరు బిగించే బోల్టు ఉంటుంది. సముద్రపు గాలికి అది తుప్పు పట్టి, పొద్దున్న ఇసుకలో కుదుపులకి వదులై, ఆఖరికి పట్టు తప్పింది. పైకి మాత్రం గట్టిగా ఉన్నట్టే కనబడింది. "అంట్లు తోమే స్టీలు పీచు ఇవ్వండమ్మా!" అని కింద నుంచి కేక. పిన్నిగారు పరిగెత్తి ఇచ్చారు. గీకుడు చప్పుడు వినబడింది. "ఎవరి దగ్గరైనా వాజలైన్ ఉందా?" మా మరదలు తన హ్యాండ్ బ్యాగులోంచి తీసి తనే వంగబోతే అందరూ ఒక్కసారి అరిచారు. మళ్ళీ తుప్పు పట్టకుండా బోల్టుకి అది పూసి, బిగించి, ఆయన బయటికి వచ్చారు. తెల్ల చొక్కా వీపంతా ఎర్రగా తుప్పు.

స్విచ్ నొక్కారు. కుళాయి ముందు గాలి తుమ్మింది, ఉమ్మింది, ఆ తర్వాత లావుగా, తెల్లగా నీళ్ళు! పిల్లలు కేక పెట్టారు. డ్రైవర్ ఈల వేశాడు. ఆయన కుళాయి కట్టి, అరచెయ్యి ఎత్తారు.

ఆ రోజు ఒక్కరూ మాట్లాడలేదు. నాన్నగారు కూడా. పంపు తనంతట తనే ఆగింది. మళ్ళీ మూలగలేదు.

ఆయన గ్లాసు తీసుకోలేదు. మా మరదలిని పిలిచి, "రామ్మా, ఇవ్వాళ మొదటి నీళ్ళు నీవి," అని కుళాయి తిప్పారు. ఆమె చేతులు కడుక్కుంది, ముఖం మీద చల్లుకుని నవ్వింది. ముహూర్తానికి పీట మీద కూర్చుంది. ముత్తయిదువులు మోచేతుల దాకా గాజులు తొడిగారు. బాబాయిగారు వియ్యాలవారికి తలెత్తుకుని తాంబూలాలు ఇచ్చారు. రాయచోటి డ్రైవర్‌కీ ఇచ్చారు. కారవాన్ ఆయన ఆ చొక్కాతోనే కుర్చీలో నిద్రపోయారు.

నేను ఊరంతా చెప్పిన కథలో ఇదేదీ లేదు. నీళ్ళు ఇసుకలోకి దుమకడం, నాన్నగారి కేకలు, అంతే. అక్కడ ఆపితే జనం బాగా నవ్వుతారు కాబట్టి అక్కడే ఆపేవాణ్ణి. ఆ తర్వాతి చలికాలంలో ఆయన్ని క్యాంపుకి పిలవడానికి కొందరు వెనకాడారు. "నీళ్ళు పారబోస్తాడు బాబూ" అని. ఒక విందులో ఆయన ఎదుటే ఎవరో ఆ కథ అడిగారు. ఆయన నాకంటే బాగా చెప్పారు, నాన్నగారి గొంతు కూడా అనుకరించారు. నవ్వులయ్యాక, "ఆయ్, అసలు సంగతి ఆ తర్వాత ఉందండి," అని మొదలుపెట్టబోయారు. ఈలోపు బిర్యానీ వచ్చింది. నేనే ముందు లేచి ప్లేటు అందుకున్నాను. కొన్నాళ్ళకి ఆయన ఉద్యోగం మారి ఒమాన్‌లోని సలాలా వెళ్ళిపోయారు, కారవాన్ తోకలా వెనక తగిలించుకుని.

మొన్న బాబాయిగారు చెప్పింది విన్నాక నాన్నగారు ఎడమచేత్తో నా ఫోన్ నా ముందుకి తోశారు. "కలుపు."

స్పీకర్‌లో పెట్టాను. "ఆయ్! గురువుగారా!" అదే గొంతు.

"నేనయ్యా, వాళ్ళ నాన్నని," అన్నారు నాన్నగారు. ఎవరినీ ఏనాడూ క్షమించమని అడగని మనిషి. గొంతు సవరించుకున్నారు. "ఆ సీమంతం రోజు... మా బావగారు ఇప్పుడు చెప్పారు. నిన్ను అనరాని మాటలన్నాను."

"అయ్యో, చెప్పేశారా ఆయన? నేను ఎవరికీ చెప్పలేదండి. మా ఆవిడకి కూడా," అన్నారు.

"తెలుసయ్యా. తప్పు నాది."

"మీ తిట్లు ఆ సాయంత్రానికే మర్చిపోయానండి. గురువుగారి మీదే నాకు చిన్న బాధ."

ఫోన్ దగ్గరికి వంగి, చెప్పండి అన్నాను.

"నన్ను ఏమన్నా పర్లేదండి. కానీ అన్నిసార్లు చెప్పారు కదా ఆ కథ. ఆ బోల్టు ఎందుకు వదిలేసేవారండి? నీళ్ళు పారబోయడం ఎవడైనా చేస్తాడు. అన్ని వైర్లలో, అంత తొందరలో, అన్ని తిట్లు తింటూ ఆ బోల్టు పట్టుకోవడమండీ! నా జీవితంలో అలాంటి పని మళ్ళీ చెయ్యలేదండి నేను!"

బాబాయిగారు కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నారు.

"ఇప్పుడు చెప్పయ్యా," అన్నారు నాన్నగారు. "మొదటినుంచీ చెప్పు. నేను ఆ రోజు సరిగ్గా చూడలేదు."

"మొదటినుంచీనా అండి?"

"మొదటినుంచీ."

ఆయన మొదలుపెట్టారు. పంపు ఎలా మూలిగిందో మూలిగి వినిపించారు. అన్నం చల్లారిపోయింది. మా ఆవిడ వడ్డించడం మాని గరిటె పట్టుకుని నిలబడిపోయింది. చెయ్యి ఎండిపోతున్నా కడుక్కోకుండా నాన్నగారు కుర్చీ ఫోన్ దగ్గరికి లాక్కుని, "ఊఁ... లైటు మసకబారింది. తర్వాత?" అన్నారు.